పేరు చివర మనిషి

నీళ్లొచ్చిన ముప్ఫై ఒకటో ఏడు, శ్రావణం, సోమవారం

పొద్దున్నే రేకుల మీదికెక్కి సోలార్ పలకలకు పట్టిన ఉప్పు తుడిచాను. సముద్రం కొండ మొదట్లోకి వచ్చి కూర్చున్నాక మా గట్టు మీద మొదటి పని అదే, పళ్లు తోముకోవడం కూడా ఆ తర్వాతే. బ్యాటరీ డెబ్బై రెండు. గదిలో తడి ఎక్కువగా ఉంది. వైర్లలో చీమలు లేవు.

ఈ పుస్తకం నా తర్వాత గొంతుల గది చూసేవాళ్ల కోసం. నా పేరు మాణిక్యం. పన్నెండేళ్లుగా ఇది నా చేతిలో ఉంది. గట్టు మీద పెద్దవాళ్లందరూ ఏడాదికోసారి ఇక్కడికొచ్చి మైకు ముందు నాలుగు మాటలు చెప్పి పోతారు. కొత్తది చెబితే పాతది తీసేస్తాం, చోటు చాలదు. బతికున్నవాళ్ల గొంతు ఎవరూ వినరు. పోయాక వాళ్ల వాళ్లు వచ్చి వింటారు. అయినవాళ్లది తప్ప ఇంకొకళ్లది వినే హక్కు ఎవరికీ లేదు. గది చూసే నాకూ లేదు. ఈ రూలు మంచిదే. ఊళ్లో సగం తగాదాలు ఒకళ్ల మాట ఇంకొకళ్లు వినడం వల్లే కదా.

ఇంకో రూలు పేరుది. కొండెక్కిన మొదటి ఏడు పెద్దలు కూర్చుని తేల్చారు: మన ఊళ్లు ఎలాగూ నీళ్లలో ఉన్నాయి, కనీసం పేర్లలోనైనా ముందు నిలబడాలి అని. అందుకని ప్రతి ఫైలు పేరులో మొదట ఊరి దేవత, తర్వాత ఊరు, పేట, ఇంటిపేరు, తాత పేరు వస్తాయి. మనిషి అన్నిటికంటే చివర వస్తాడు. పంక్తిలో చిన్నవాళ్లు చివర కూర్చున్నట్టు.

అసలు సంగతి. ఆషాఢంలో పడిన పిడుగుకు మా రెండో డిస్కు మాడిపోయింది. ఇప్పుడు తొమ్మిదివేల ఆరువందల నలభై గొంతులూ ఒక్క పాత పెట్టెలోనే ఉన్నాయి. అది రోజుకు రెండుసార్లు దగ్గుతోంది. ఉత్తరపు కొండలవాళ్లు పడవ మీద కొత్త పెట్టె పంపారు. అది వేరే తయారీ, దాని ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. వానలు ముదిరేలోగా అన్నీ ఇందులోకి మార్చాలి.

గురువారం

మా అత్త వచ్చింది. పేరంటాలమ్మ అంటే గట్టంతా తెలుసు. ప్రతి గురువారం, సంతలో ఉప్పుచేప అమ్మేసి, చేతులు బూడిదతో రుద్ది కడుక్కుని వస్తుంది. ముక్కాలిపీట మీద కూర్చుని ఇయర్‌ఫోన్ పెట్టించుకుంటుంది. తన కొడుకు గొంతు వింటుంది. తన కొడుకు అంటే నా మొగుడు, త్రిమూర్తులు.

ఆయన పోయి ఆరేళ్లు. మునిగిన పట్నంలోకి ఇనుము తేవడానికి వెళ్లి జ్వరం తెచ్చుకున్నాడు. జ్వరం వచ్చినవాళ్లను రేవుకు దూరంగా పడవలో ఉంచేవాళ్లు. తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాడు. నేను ఒడ్డున నిలబడితే చెయ్యి ఊపేవాడు, ఏడో రోజు దాకా. మైకు ఒకటి పడవలోకి పంపారు. చెప్పాల్సింది చెప్పాడు. నాలుగు నిమిషాల పది సెకన్లు.

నేను వినలేదు. వెళ్లే ముందు రోజు ఇద్దరికీ గట్టిగా మాటామాటా వచ్చింది. వెళ్లొద్దన్నాను. వెళతానన్నాడు. "వెళితే మళ్లీ నా మొహం చూడకు" అన్నాను. పడవంత దూరంలో మొహం ఏం కనపడుతుంది, ఆ మాట అలాగే జరిగింది. అందులో నన్ను తిట్టి ఉంటే తట్టుకోలేను, తిట్టకపోయి ఉంటే అసలే తట్టుకోలేను. ధైర్యం వచ్చాక వింటానని ఆరేళ్లుగా అనుకుంటున్నాను. ఫైలు ఎక్కడికి పోతుంది, నా గదిలోనే కదా ఉంది.

అత్త ఈరోజు కూడా మూడు నిమిషాల నలభై దగ్గరకు రాగానే ఇయర్‌ఫోన్ తీసి వైరు చుట్టేసింది. ఎప్పుడూ అంతే, చివరిదాకా ఉండదు. చివర్లో ఆయన దగ్గు ఉంటుందేమో, అది వినలేక తీసేస్తుందని నేననుకుంటాను.

"ఏమే, నువ్విను ఒకసారి. ఎన్నాళ్లని తప్పించుకుంటావు?" అంది.

"వింటాను లే అత్తా."

"ఆరేళ్ల నించీ ఇదే మాట" అని కొంగుతో కళ్లజోడు తుడుచుకుని వెళ్లిపోయింది.

సోమవారం

మార్పిడి మొదలుపెట్టాను. మూడువందల ఫైళ్లు నీళ్లు తాగినంత సుఖంగా వెళ్లాయి. తర్వాత ఆగింది. పేరు పొడవు ఎక్కువైందట, తీసుకోనంటోంది.

పొద్దంతా తల బద్దలుకొట్టుకుంటే అర్థమైంది. పాత పెట్టె పేరులో అక్షరాలు లెక్కపెడుతుంది. కొత్తది బైట్లు లెక్కపెడుతుంది. హద్దు రెండింటికీ రెండువందల యాభై ఐదే. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన అక్షరం ఒక్కొక్కటి మూడు తింటుంది, గుణింతం విడిగా మూడు, వత్తుకు ముందు పొల్లు విడిగా మూడు. "అమ్మ" అని రాస్తేనే పన్నెండు. ఇక ఊరూ పేటా తాతా అన్నీ చదివే మా పేర్ల సంగతి చెప్పాలా? ఈ పెట్టె చేసినవాళ్లకు మాలాంటివాళ్లు ఉన్నారని ఎవరూ చెప్పలేదనుకుంటాను. చెప్పినా వినేవాళ్లు కాదు.

పొడవు పేర్లు ఎన్ని ఉన్నాయో తీసి, ఒక్కోదాన్నీ చేత్తో కుదించాలంటే మూడు వారాలు పడుతుంది. పాత పెట్టె ఈరోజు నాలుగుసార్లు దగ్గింది. ప్రోగ్రామ్‌లో ఒక్క వాక్యం చేర్చాను: పేరు హద్దు దాటితే, పట్టినంత ఉంచి చివర తెంపెయ్యి.

మా పుట్టింటి ఊరివీ, అత్తింటి ఊరివీ ముందు పంపి, కొత్త పెట్టెలో పరీక్షించి చూశాను. ఇద్దరి ఫైళ్లే నేను వినొచ్చు. ఒకటి మా నాన్నది, రెండోది ఆయనది. నాన్నది వేశాను. పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా వచ్చింది, బెండకాయ విత్తనాల గురించి. రెండోది వేయనక్కర్లేదనిపించింది.

శనివారం

అయిపోయింది! తొమ్మిదివేల ఆరువందల నలభై ఫైళ్లు వెళ్లాయని ప్రోగ్రామ్ లెక్క చెప్పింది. పాతదాంట్లోనూ అంతే. ఒక్కటి తేడా లేదు.

గట్టు పెద్ద బంగారయ్యగారు వచ్చి కొత్త పెట్టెకు బొట్టు పెట్టారు. అందరికీ తలో బెల్లం ముక్క. పాత పెట్టెలోని డిస్కును, ముందే మాటిచ్చినట్టు, మంచినీళ్ల పంపు చూసే అబ్బులుకు ఇచ్చేశాను. ఉప్పునీటిని తియ్యనీరు చేసే ఆ పంపుకు డిస్కు లేక నెలనుంచి రోజు విడిచి రోజు నీళ్లు వస్తున్నాయి. రేపట్నించి రోజూ వస్తాయి. రెండు మంచిపనులు ఒకేసారి చేశానని కాసేపు నాకు నేనే ముచ్చటపడ్డాను.

మా అత్తకు ఒళ్లు వెచ్చగా ఉంది. ఈ గురువారం రాలేకపోయింది.

గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అత్త వచ్చింది. జ్వరం తగ్గి మనిషి తేలికైంది, హుషారుగా ఉంది. పీట మీద కూర్చుంది. నేను ఆయన పేరు వెతికాను. పూర్తి పేరు ఇది: గంగానమ్మవారి వెదురుమూడిలంక గ్రామం పడమటిరేవుపేట గుబ్బలవారి వీరవెంకట నాగేశ్వరుడి మనవడు వీరవెంకట త్రిమూర్తులు. కొత్త పెట్టెలో అది "మనవడు వీరవ" దగ్గర తెగి ఉంది. తెగుతుందని తెలుసు కాబట్టి పట్టించుకోలేదు. వేశాను.

అత్త కళ్లు మూసుకుంది. రెండు క్షణాలకు తెరిచింది.

"ఎవడే ఈడు?"

ఇయర్‌ఫోన్ తీసుకుని నా చెవికి పెట్టుకున్నాను. "...ఆ మేకపిల్ల నాదేనండి, చెవి మీద మచ్చుంది, నేను పోయాక దాని గురించి ఎవళ్లూ పేచీ పెట్టకండి..."

సూర్యచంద్రం. ఆయన చిన్నాన్న కొడుకు. నిక్షేపంలా బతికున్నాడు. పొద్దున నీళ్ల వరసలో నా ముందే నిలబడ్డాడు.

"వైరు పాడైందత్తా, వేరేవాళ్లది కలిసిపోయింది. బాగుచేసి పెడతాను, మళ్లీ వారం రా" అన్నాను. నా నోట అబద్ధం అంత చక్కగా వస్తుందని నాకు తెలియదు.

"ఆయ్, సరే" అని లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూసింది. "అది ఉంది గదే?"

"ఉందత్తా."

ఆమె వెళ్లాక తలుపు వేసి చూశాను. నాగేశ్వరుడికి ఏడుగురు మనవలు. ఆ ఇంట్లో ఎవరికి కొడుకు పుట్టినా ముందు వీరవెంకట అని పెట్టి ఆ తర్వాత అసలు పేరు పెడతారు. ఏడుగురి పేర్లూ తెంపితే ఒక్కటే మిగులుతుంది, వీరవ. మొదటి మనవడి ఫైలు వచ్చి ఆ పేరుతో కూర్చుంది. రెండోవాడిది వచ్చి దాన్ని తోసేసి కూర్చుంది. అలా ఒకరి మీద ఒకరు. అక్షరాల వరసలో ఆఖరివాడు సూర్యచంద్రం కాబట్టి అతని మేకపిల్ల మిగిలింది.

ప్రోగ్రామ్ చెప్పిన లెక్క ఎన్నిసార్లు కాపీ చేసిందన్నదే. ఎన్ని మిగిలాయన్నది కాదు. ఇప్పుడు మిగిలినవి లెక్కపెట్టాను. తొమ్మిదివేల మూడువందల ఇరవై రెండు.

మూడువందల పద్దెనిమిది గొంతులు లేవు, అన్నీ పొడుగు పేరున్న వెదురుమూడిలంకవాళ్లవే. అందులో బతికున్నవాళ్లు మళ్లీ చెబుతారు. చనిపోయినవాళ్లు నూట ఇరవై ఏడుగురు.

మా పుట్టింటి ఊరి పేరు రెండక్షరాలు. పల్లం. నాన్న పేరు తెగే ప్రసక్తే లేదు. ఆ రోజు రెండోది వేసి ఉంటే, ఆయన గొంతు వినడానికి నేను భయపడకుండా ఉంటే, అప్పుడే తెలిసేది. పాత డిస్కు అప్పటికింకా నా చేతిలోనే ఉంది.

శుక్రవారం

తెల్లారగానే పంపు దగ్గరికి పరుగెత్తాను. అబ్బులు తూము కడుగుతున్నాడు.

"ఆ డిస్కు తియ్యి అబ్బులూ. ఇప్పుడే."

"తీత్తే పంపాగిపోద్ది వదినా. ఏటైంది?"

చెప్పాను. చెప్పడం అయ్యేసరికి అతని మొహం తెల్లబోయింది. వాళ్ల అమ్మది కూడా అందులో ఉందా అని అడిగాడు. వాళ్లది వేరే ఊరు, చిన్న పేరు, ఉందని చెప్పాను. ఊపిరి వదిలి, అలా వదిలినందుకు సిగ్గుపడ్డాడు.

"నేను డిస్కు తుడిచేసేను గదా వదినా. పైగా ఇది సెకనుకోసారి నీటి లెక్క రాత్తా ఉంటది."

"ఆరు రోజులే కదా. ఏదో ఒకటి మిగిలి ఉంటుంది."

అతను పంపు ఆపేశాడు. గట్టంతటికీ నీళ్లు ఆగిపోయాయి. వరసలో బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు కేకలేస్తుంటే, "తూము పూడింది, మజ్జానం రండి" అని వాళ్లకు సర్ది చెప్పి పంపాడు. నేను డిస్కు ముందు కూర్చుని మధ్యాహ్నం దాకా వెతికాను.

పేర్ల పట్టిక దొరికింది. డిస్కు మొదట్లో చెక్కుచెదరకుండా ఉంది. తొమ్మిదివేల ఆరువందల నలభై పేర్లు, అన్నీ పూర్తిగా. ఆయనది కూడా, గంగానమ్మవారి వెదురుమూడిలంక దగ్గర మొదలై వీరవెంకట త్రిమూర్తులు దాకా ఒక్క గుణింతం పోలేదు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ పేరు చూపించిన చోటికి వెళ్లాను. అక్కడ అంకెలున్నాయి. ఆరు రోజుల నీటి లెక్క, సెకనుకొకటి. వెదురుమూడిలంకవాళ్ల గొంతులన్నీ డిస్కులో వరసగా ఒకేచోట ఉండేవి, ఊరు ముందు కదా. పంపు కూడా అక్కడినుంచే రాసుకుంటూ పోయింది.

నా గదిలో పేరు తెగి ఇంకొకడి గొంతు ఉంది. ఇక్కడ పేరు మొత్తం ఉంది, గొంతు లేదు.

"వదినా, నీళ్లు వదలమంటావా?" అని అబ్బులు మెల్లగా అడిగాడు. తలుపు దగ్గర నిలబడి అప్పటికి ఎంతసేపైందో.

వదిలెయ్యమన్నాను.

ఆదివారం

బంగారయ్యగారికి చెప్పేశాను. చాలాసేపు గడ్డం నిమురుకున్నారు.

"చూడమ్మా, ఊరు ముందుండాలని పట్టుబట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఊరు పోయిన బాధలో ఉన్నాం అప్పుడు. మనిషి పోతాడని ఎవరికీ తోచలేదు."

"తప్పు పేరుది కాదండీ. తెంపమన్నది నేను."

"నువ్వే" అన్నారు. మెత్తగానే అన్నారు గానీ కాదనలేదు. అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. నూట ఇరవై ఏడుగురి ఇళ్లకూ నన్నే వెళ్లి చెప్పమన్నారు. సభ పెట్టి ఒకేసారి చెబితే తేలిగ్గా ఉంటుంది కానీ, అది నాకు తేలిక, వాళ్లకు కాదన్నారు.

ఈరోజు తొమ్మిది ఇళ్లు. ఒకావిడ తలుపు మూసేసింది. ఒకాయన నాకు మజ్జిగ ఇచ్చాడు, తాగలేకపోయాను. ఒకమ్మాయి, "మా అమ్మ నవ్వు ఉండేదండి అందులో, మధ్యలో నవ్వేది" అని ఆ నవ్వు ఎలా ఉంటుందో నవ్వి చూపించబోయి ఏడ్చేసింది.

మా ఇంట్లో మాత్రం చెప్పలేదు. అత్త గంజి వార్చి నాకు పోసి, పిల్లాడికి చెప్పినట్టు "తిను, తిను" అంటోంది. రోజంతా ఎండలో తిరుగుతున్నానని అనుకుంటోంది.

బుధవారం

నలభై ఇళ్లయ్యాయి. రేపు గురువారం. ఇంకెవరి నోటనో ఆమె చెవిన పడేలోపు చెప్పాలని మధ్యాహ్నం చెప్పేశాను. ఆమె చేపలకు ఉప్పు పెడుతోంది.

ముందు అర్థం కాలేదు. "బాగుసేత్తానన్నావు గదే" అంది.

"బాగుకాదత్తా. లేదు. ఎక్కడా లేదు."

"ఎక్కడా అంటే?"

"ఎక్కడా."

చేతిలో చేప కింద పెట్టింది. ఉప్పు చేతులతోనే నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. ఆ ముసలి చేతుల్లో అంత బలం ఉందని నేననుకోలేదు.

"నువ్వు ఇనవు! ఒక్కరోజు కూడా ఇన్లేదు! నేనింటంటే అదీ ఓర్వలేకపోయేవా? నా కొడుకు ఏటి సేసేడే నీకు? ఏటి సేసేడు?"

అంత నిజం నాతో ఎవరూ ఇంతవరకూ అనలేదు.

చాప చుట్టుకుని అబ్బులు వాళ్లింటికి వెళ్లిపోయింది.

శనివారం

అత్త రాలేదు. గురువారం గదికీ రాలేదు. పీట మీద నేనే కూర్చున్నాను కాసేపు.

సూర్యచంద్రం వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి తువ్వాలు మెలిపెడుతున్నాడు.

"నాది తీసెయ్ వదినా. అందరూ పోయి నా మేకపిల్ల ముచ్చట మిగలడవేటి, ఎవరికి మొహం సూపించను?"

"నీది తీస్తే వాళ్లు వస్తారా సూరీ?"

"రారు. తెల్సు. అయినా తీసెయ్."

తియ్యనన్నాను. ఆ ఇంట్లో ఏడుగురిలో ఒక్కడైనా ఉన్నాడు కదా అన్నాను. అతను ముక్కు చీదుకుని, "అన్నకి నాకంటే మంచి గొంతు" అని వెళ్లిపోయాడు. అది నిజం. ఆయన పడవ మీద నిలబడి పిలిస్తే గట్టు మీద కుక్కలు లేచేవి. నాకు గుర్తున్నది ఆ కేకే. మామూలుగా, పక్కన కూర్చుని మాట్లాడితే ఎలా ఉండేదో తలుచుకోబోతే రావడం లేదు. వింటే వచ్చేది.

గురువారం

ఎండ లేదు. బ్యాటరీ నలభై. పొద్దున్నుంచీ వాన.

ఎప్పుడూ వచ్చే వేళకే అత్త వచ్చింది. తడిసిపోయి ఉంది. చేతులు బూడిదతో రుద్ది కడుక్కుంది, వాసన తెలుస్తోంది. నన్ను చూడకుండా వెళ్లి పీట మీద కూర్చుంది.

"ఆ మైకు ఇటు తిప్పు" అంది.

"ఎందుకత్తా?"

"తిప్పవే. మూడొందల గురువారాలు ఇన్నాను. నాకు నోటికొచ్చు."

తిప్పాను. మీట నొక్కాను. గొంతు సవరించుకుంది. తర్వాత మాట్లాడింది మా అత్త కాదు. గొంతు ఆమెదే, కీచుగా, వణుకుతూ. కానీ మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ చిన్నగా దగ్గాలో, అదంతా ఆయనది.

"అమ్మా. నేనే. ఇక్కడ బానే ఉంది. గాలేత్తంది. నువ్వు ఏడవకు, ఏడిత్తే నీకు తలనొప్పొత్తది. అటక మీద నీలం తాడుంది సూడు, అది అబ్బులు గాడిది, ఇచ్చెయ్. రెండేళ్ల నించీ అడుగుతున్నాడు. నీ కళ్లజోడుకి తీగ కట్టేను గదా, అది వదులైతే సూరిగాణ్ణి కట్టమను, వాడికొచ్చు. పొద్దున రేవులో నువ్వు తెల్లకోకతో నిలబడ్డావు, కనపడ్డావు. రోజూ ఆ కోకే కట్టుకురా, గుర్తు పట్టడానికి బాగుంటది..."

అలా మూడు నిమిషాల నలభై సెకన్లు. ఒక్క మాట తడబడలేదు. నేను గడియారం చూడలేదు, తెర మీద గీత కదులుతుంటే తెలిసింది. ఆరేళ్ల తర్వాత ఆయన మాట్లాడుతుంటే నేను నేలమీద చతికిలబడి విన్నాను. ఎందుకు భయపడ్డానో ఇప్పుడు నాకే తెలియడం లేదు. తాడు గురించీ, కళ్లజోడు గురించీ చెప్పే మనిషిని చూసి ఆరేళ్లు భయపడ్డాను.

"...ఇంక సాలమ్మా. ఇక్కడితో నువ్వు తీసెయ్యి. మిగతాది మాణిక్యానికి. నువ్వినకు, ఏం?"

అత్త ఆగింది.

నేను ఎదురుచూశాను. వాన రేకుల మీద పడుతోంది. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది.

"తర్వాత అత్తా?"

"అంతే."

"చివర్లో ఇంకా ఉంది కదా. అర నిమిషం."

"వాడు ఇనొద్దన్నాడు గదే. తీసేసేదాన్ని."

"ఒక్కసారి కూడా వినలేదా? మూడొందల వారాల్లో ఒక్కసారి?"

విన్నానని చెప్పమని మనసులో దండం పెట్టుకున్నాను. ఎవరి మాటా వినకూడదన్న ఈ గది రూలు ఒక్క మనిషైనా తప్పి ఉంటే బాగుండునని ఈ గది చూసే నేనే కోరుకున్నాను.

"మొగుడూ పెళ్లాల మాట నాకెందుకే" అంది. తర్వాత నా తల దగ్గరికి లాక్కుని తన మోకాలికి ఆనించుకుంది. "అందుకే వచ్చేను. నిన్న కూకుని ఆలోసిత్తే తెల్సింది. నా బాగం నా దగ్గిరే ఉంది, పోలేదు. పోయింది నీదే. నేను నిన్ను తిట్టేను."

నేను ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు ఇంకా ఒకటి మిగిలి ఉందని తెలుసు.

అత్త కొంగుతో నా మొహం తుడిచింది.

"వైరు తీసేటప్పుడు ఒక్క ముక్క సెవిలో పడేది. కావాలని కాదు, నా సెయ్యి నిదానం గదా."

"ఏమిటది?"

ఆమె కళ్లు మూసుకుంది. ఎలా అన్నాడో సరిచూసుకుంటున్నట్టు పెదాలు ఒకసారి కదిలాయి.

"'ఏమోయ్' అనేవాడు. అని నవ్వేవాడు."

"నవ్వేవాడా?"

"ఆయ్. నవ్వేవాడు."

మీట నొక్కి ఆపడం మరిచిపోయాను. ఇదంతా కూడా మైకులో పడింది. ఫైలు పదకొండు నిమిషాలొచ్చింది. నా ఏడుపు, వాన, అత్త ముక్కు చీదడం, అన్నీ ఉన్నాయి. పేరు అడిగితే త్రిమూర్తులు అని ఒక్కటే రాశాను. ఊరు తర్వాతెప్పుడైనా రాసుకోవచ్చు.

చివర కత్తిరించమంటారా అని ఎప్పుడూ అడిగే ప్రశ్న పెట్టె అడిగింది. వద్దని నొక్కాను.